హాజరు పుస్తకం

శనివారం. పొద్దింకా ఒండ్రు రంగులోనే ఉంది.
పుస్తకం నా దగ్గరుంటుంది,
అక్షరాలు గుండ్రంగా రాస్తానని.

మొదటి వారం ముప్పైనాలుగు పేర్లు.
కొత్త టీషర్టులు, పసుపు రబ్బరు బూట్లు,
నైరోబీ నుంచి ఒక కెమెరా.
రెండోవారం పంతొమ్మిది.
ముసురు పట్టిన వారం ఏడు.
ఆ ఏడింట్లో ఒకటి నాది.
బురద అంటకుండా రాసుకుంటానని
ఓకెయో ఎప్పుడూ దెప్పుతాడు.

నాగా లేకుండా వచ్చేది గుర్రపుడెక్క ఒక్కటే.
రాత్రి గాలి మళ్ళితే చాలు,
నిన్న మేం తెరిపించిన నీటి మీద
పచ్చటి చాప పరుచుకుని
ఊదాపూలు తురుముకుని కూర్చుంటుంది
పిలవని పేరంటానికి వచ్చినట్టు.
దానికీ ఒక గడి గీశాను.
ప్రతి వారమూ టిక్కే.

ఈ సరస్సుని నామ్ లోల్వే అంటారు మా ముసలివాళ్ళు.
ఆవలి ఒడ్డు లేనిదని అర్థం చెబుతారు.
ఇప్పుడు ఈవలి ఒడ్డే కనబడదు.
పడవలు మూడు ఆకుల కింద చిక్కుకున్నాయి.
వల ఎండగట్టుకుని కూర్చున్న ఒగాల్లో
మమ్మల్ని చూసి నవ్వాడు:
"ఏట్లో చింతపండు పిసుకుతున్నారు, పిసకండి."

నిజమే మరి.
నడుంలోతు నీళ్ళలో నిలబడి
వేళ్ళతో సహా లాగితే
ఒక్కో మొక్కా తడిసిన కుక్కపిల్లంత బరువు.
వేళ్ళలో నత్తలు, జలగలు,
ఒకసారి ఎవరిదో ఎడమకాలి చెప్పు.
ఒకనాడు గుర్రపుడెక్క కోసం దిగితే
నీటిగుర్రం ఊపిరి వినబడింది.
రాశాను: సగం పూట. కారణం, పైన చెప్పినదే.

ఇంతకీ పీకినదాన్ని ఏం చెయ్యాలి?
గుట్టలుగా కుళ్ళింది. ఈగలు. ఊరు తిట్టింది.
అప్పుడు అవుమా,
పాలిటెక్నిక్ మధ్యలో మానేసిన పిల్ల,
బొగ్గుముక్కతో బడి గోడ మీద గీసి చూపింది:
తొట్టి, గొట్టం, పేడ, తరిగిన ఆకు, ఓపిక.
ఓపికకి బొమ్మ కుదరక
చోటు ఖాళీగా వదిలేసింది.

బడి వెనక గొయ్యి తవ్వాం.
పేడ ఇచ్చిన ఇళ్ళ పేర్లకి
కొత్త పేజీ తెరిచాను. అదీ చందాయేగా.
సిమెంటుకి అప్పిచ్చింది బోడాబోడా కుర్రాళ్ళు,
ఆ బాకీ ఎర్రసిరాలో ఇంకా అలాగే ఉంది.

మొదటిసారి వెలగలేదు.
రెండోసారి కుళ్ళిన గుడ్ల కంపు, అంతే.
కెమెరా మళ్ళీ రాలేదు.

జూన్‌లో ఒక మంగళవారం,
కట్టెలు లేక బడి పొయ్యిలో పిల్లి లేవని రోజు,
గంజి కాచే న్యాంగ్వెసో
అగ్గిపుల్ల గీసి వెనక్కి గెంతింది.
నీలంగా, చప్పుడు లేకుండా
నా అరచేయంత మంట.
పుల్లల కోసం రోజూ మూడు మైళ్ళు నడిచే కాళ్ళు
ఏం చెయ్యాలో తోచక
అక్కడే చతికిలబడ్డాయి.
నూట పన్నెండు గిన్నెల జొన్నగంజి.
పొగ వాసన లేదు, రుచిగా లేదని
చిన్నపిల్లలు ఏడ్చారు.

మర్నాడు గ్యాసు చాల్లేదు, మళ్ళీ కట్టెలే.
అదీ రాశాను.

ఆ శనివారం పదకొండుమంది.
ఒగాల్లో మారుమాట లేకుండా పడవ తెచ్చాడు,
తాడు మా మీదికి విసిరాడు.
"యువజన సంఘం కదా, వయసు గడిలో ఏం రాయను?"
"ఖాళీగా ఉంచు," అన్నాడు.
అవుమా గోడ మీద చోటు గుర్తొచ్చింది.

ఇవాళ గాలి పడమటి నుంచి.
చాప మళ్ళీ వస్తోంది, పూలతో సహా.
పుస్తకాన్ని గుడ్డలో చుట్టి
పడవ మూల పెట్టాను.
పరికిణీ ఎగ్గట్టాను.
నీళ్ళు చల్లగా ఉన్నాయి.
ఈ వారం హాజరు
ఎవరైనా రాయండి.